బహిష్కరణ పద్దుల్లోంచి పుట్టిన అమెరికన్లు: 13 కాలనీల కేస్ స్టడీ (1754–1776)

న్యూయార్క్ దక్షిణపు కొసన బౌలింగ్ గ్రీన్ అనే చిన్న మైదానం ఉంది. 1770 ఆగస్టులో, న్యూయార్క్ ఇంకా బ్రిటిష్ కాలనీగా ఉన్నప్పుడు, అక్కడ బ్రిటన్ రాజు మూడో జార్జి విగ్రహం నిలబెట్టారు. గుర్రం మీద కూర్చున్న రాజు, సీసపు పోత, పైన బంగారు పూత. కాలనీల్లో వాడే కాగితాల మీద పన్ను వేసిన స్టాంపు చట్టం రద్దయిందన్న సంతోషంతో 1766లో న్యూయార్క్ శాసనసభే డబ్బు మంజూరు చేసి లండన్‌లో చేయించింది. 1776 జూలై 9 సాయంత్రం అదే ఊళ్లో జనం, సైనికులు కలిసి ఆ విగ్రహానికి తాళ్లు కట్టి పడగొట్టారు. సీసంలో చాలా భాగాన్ని కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కు బళ్ల మీద తోలితే, అక్కడి ఆడవాళ్లూ పిల్లలూ కరిగించి 42,088 తూటాలు పోశారు. ఎవరెన్ని పోశారో పద్దు రాసిపెట్టారు కాబట్టే ఆ సంఖ్య ఒక్కటి కూడా తేడా లేకుండా మన దాకా వచ్చింది.

రాజుకు విగ్రహం కట్టినవాళ్లు ఆరేళ్లలో ఆ విగ్రహాన్నే మందుగుండుగా మార్చుకునే మనుషులు ఎలా అయ్యారన్నది ఈ కేసు. పాఠ్యపుస్తకం చెప్పే వరస అందరికీ తెలుసు: పన్నులు వేశారు, కోపం వచ్చింది, దేశం పుట్టింది. కోపం మాట నిజమే. అయితే కోపం ఒక్కదానితోనే జాతి తయారయ్యేదైతే 1765లోనే తయారవ్వాలి. ఆ ఏడు వచ్చిన కోపం తర్వాతి వాటికంటే తక్కువేమీ కాదు. చట్టం రద్దుకాగానే అందరూ రాజు ఆరోగ్యానికి మద్యం గ్లాసులెత్తి ఇళ్లకు వెళ్లిపోయారు.

తేడా తెచ్చింది ఒక పని. బ్రిటిష్ సరుకు కొనకూడదన్న కట్టుబాటును న్యూ హాంప్‌షైర్ నుంచి దక్షిణ కొస దాకా అమలు చేయాల్సి వచ్చింది. ఒక్క రేవు మోసం చేసినా మిగతా రేవుల త్యాగం గంగలో కలుస్తుంది. అందుకని ముఖం చూడని మనుషుల్ని నమ్మాలి, నమ్మడానికి నిఘా పెట్టాలి, నిఘాకు జాబితాలు రాయాలి, జాబితాలు పత్రికల్లో అచ్చేయాలి. ఈ పనులు చేస్తూ చేస్తూ వాళ్లు అమెరికన్లయ్యారు. మొదటిసారి ఈ పని ఘోరంగా చెడింది. ఆ చెడిన తీరు తెలియకపోతే రెండోసారి ఎందుకు నిలబడిందో అర్థం కాదు.

మొదట్లో ఉన్న స్థితి

1754లో ఫ్రెంచివాళ్లతో యుద్ధం ముంచుకొస్తున్నప్పుడు ఉత్తర అమెరికాలోని బ్రిటిష్ కాలనీల్లో ఏడింటి ప్రతినిధులు న్యూయార్క్ కాలనీలోని ఆల్బనీలో కలిశారు. అందరికీ కలిపి ఒక సభ, రాజు నియమించే ఒక అధ్యక్షుడు ఉండాలని బెంజమిన్ ఫ్రాంక్లిన్ ముసాయిదా రాశాడు. అంతకు కొద్ది వారాల ముందు, మే 9న, తన పత్రికలో ఎనిమిది ముక్కలుగా తెగిన పాము బొమ్మ వేశాడు: కలవండి, లేదా చావండి అని కింద రాసి. ప్రతినిధులు ముసాయిదాను ఆమోదించారు. ఇళ్లకు వెళ్లాక ఒక్క కాలనీ శాసనసభ కూడా దాన్ని ఒప్పుకోలేదు.

ఇందులో ఆశ్చర్యం లేదు. వ్యోమింగ్ లోయ మాదంటే మాదని కనెక్టికట్, పెన్సిల్వేనియా కొట్టుకుంటున్నాయి. తర్వాత వెర్మాంట్‌గా మారిన భూముల పట్టాల కోసం న్యూయార్క్, న్యూ హాంప్‌షైర్ తగాదాపడుతున్నాయి. మతాలు వేరు, పంటలు వేరు, చట్టాలు వేరు. ఒక వర్జీనియా పొగాకు రైతుకు బోస్టన్ వర్తకుడితో కంటే లండన్ కమీషన్ ఏజెంటుతోనే లావాదేవీ ఎక్కువ.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కాలక్రమాన ఈ కాలనీలు ఇంగ్లండుకు దూరమవుతూ వచ్చాయని అనుకుంటారు. నిజానికి 1760 నాటికి మునుపెన్నడూ లేనంత ఇంగ్లీషు పద్ధతిలో బతుకుతున్నారు. ఇంగ్లీషు పింగాణీ కప్పులు, ఇంగ్లీషు బట్ట, ఇంగ్లీషు న్యాయ గ్రంథాలు, ఇంగ్లీషు మోస్తరు కుర్చీలు. 1759లో ఫ్రెంచివాళ్ల క్విబెక్ బ్రిటిష్ సేన చేతికి చిక్కినప్పుడు బోస్టన్ సంబరాలు చేసుకుంది. ఆ గెలుపు తమదేననుకుంది.

అయితే ఆ ఇంగ్లీషుతనమే తర్వాత పనికొచ్చింది. ఎక్కడి కాలనీవాడైనా తాగేది అదే టీ, తొడిగేది అదే ఇంగ్లీషు బట్ట. వీళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నది ఉమ్మడి చరిత్ర కంటే ముందు ఉమ్మడి కొట్టు సామాను. కొనడం అందరికీ ఒకటే అయినప్పుడు, మానేయడం కూడా అందరికీ ఒకటే కాగలదు. దానికి తోడు తపాలా ఉంది. 1753 నుంచి ఉత్తర అమెరికా తపాలాను చూసిన ఇద్దరు అధికారుల్లో ఫ్రాంక్లిన్ ఒకడు. ఒక ఊరి పత్రికను ఇంకో ఊరి పత్రికకు తపాలా ఖర్చు లేకుండా పంపుకునే అలవాటు ఉండేది; వచ్చిన దాంట్లోంచి కత్తిరించి తమ పత్రికలో వేసుకునేవారు. 1765లో 20 పైచిలుకు పత్రికలు ఉండేవి. పదేళ్లకు 40కి దగ్గరయ్యాయి.

స్టాంపు చట్టం: పన్ను వేసినవాళ్ల తప్పు

1763 నాటికి ఫ్రెంచివాళ్లతో సాగిన ఏడేళ్ల యుద్ధం బ్రిటన్‌కు 13 కోట్ల పౌన్ల చుట్టుపక్కల అప్పు మిగిల్చింది. 1764 చక్కెర చట్టం బాధ ప్రధానంగా న్యూ ఇంగ్లండ్ రమ్ము బట్టీల వాళ్లకే తగిలింది, అందుకే గొడవ అక్కడే ఆగింది. 1765 మార్చి 22న చేసిన స్టాంపు చట్టం వేరు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసులో వాడే స్టాంపు కాగితం లాంటిదే, కాకపోతే కోర్టు దస్తావేజుతో ఆగలేదు: వార్తాపత్రిక కాగితానికి అర పెన్నీ నుంచి, పత్రికలో ప్రకటనకు రెండు షిల్లింగులు, పేకముక్కల కట్టకు ఒక షిల్లింగు, పాచికల జతకు పది షిల్లింగులు, కాలేజీ పట్టాకు రెండు పౌన్లు.

దెబ్బ ఎవరి మీద పడిందో చూడండి. అచ్చుపనివాళ్లు, ప్లీడర్లు, వర్తకులు, సారాయి దుకాణదారులు. ఏ సమాజంలోనైనా వార్త మోసేవాళ్లు, వాదించేవాళ్లు, పదిమందిని ఒకచోట కూర్చోబెట్టేవాళ్లు వీళ్లే. అందరి మీదా, అన్ని కాలనీల్లోనూ, నవంబరు 1 అనే ఒకే తేదీన. ఈ ఉమ్మడి తేదీ లండన్ ఇచ్చిన బహుమతి.

పత్రికల పాత్రకు వర్జీనియా తీర్మానాలే సాక్ష్యం. మే చివర్లో వర్జీనియా సభ్యుడు పాట్రిక్ హెన్రీ స్టాంపు చట్టానికి ఎదురుగా ప్రతిపాదించిన వాటిలో ఐదింటిని సభ ఆమోదించింది, మర్నాడే ఐదోదాన్ని కొట్టేసింది. అంటే నిలబడ్డవి నాలుగు. రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ పత్రిక ఆరు అచ్చేసింది, మేరీలాండ్ పత్రిక ఏడు అచ్చేసింది. వర్జీనియా అంత దూరం వెళ్లిందా అనుకుని మిగతా సభలు కూడా కాలు ముందుకు వేశాయి. వర్జీనియా అంత దూరం వెళ్లనే లేదు.

అక్టోబరు 7 నుంచి 25 వరకు న్యూయార్క్‌లో తొమ్మిది కాలనీల నుంచి 27 మంది కూర్చున్నారు. వర్జీనియా, నార్త్ కరొలైనా, జార్జియా రాలేకపోయాయి. అక్కడి గవర్నర్లు ప్రతినిధుల్ని ఎన్నుకోవడానికి సభల్నే పిలవలేదు. 14 అంశాల ప్రకటన తయారైంది. అందులో ఎక్కడా అమెరికా జాతి అన్న ఊసు లేదు, అడిగిందల్లా ఇంగ్లీషువాళ్ల హక్కులు.

సౌత్ కరొలైనా ప్రతినిధి క్రిస్టఫర్ గాడ్స్‌డెన్ ఒక్కడు చిక్కు ఎక్కడుందో పట్టుకున్నాడు. ఒక్కో కాలనీకి రాజు ఇచ్చిన సనదు ఒక్కో రకం. మా సనదులో ఇలా ఉంది, కాబట్టి మాకీ హక్కు ఉందని ఎవరికి వారు వాదిస్తే లండన్ ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు చెప్పి విడదీస్తుంది. అందరికీ చెల్లే సహజ హక్కుల మీదే నిలబడాలి, ఈ ఖండంలో న్యూ ఇంగ్లండ్ వాడు, న్యూయార్క్ వాడు అన్న తేడా ఉండకూడదు, అందరం అమెరికన్లమే కావాలి అని అతను ఆ ఏడు ఉత్తరంలో రాశాడు. ఆ మాటను ఉద్వేగంగా ఉటంకిస్తుంటారు. నాకు మాత్రం అది కేసు ఎలా నడపాలో తెలిసిన మనిషి ఇచ్చిన సలహాలా వినిపిస్తుంది.

1766 మార్చి 18న చట్టం రద్దయింది. అదే రోజు, కాలనీల మీద ఏ విషయంలోనైనా చట్టం చేసే అధికారం తనకుందని పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. సంబరాల్లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. విగ్రహానికి డబ్బు మంజూరైంది ఇప్పుడే.

మొదటి బహిష్కరణ ఎందుకు కూలింది

1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద బ్రిటిష్ ఆర్థిక మంత్రి టౌన్‌షెండ్ పేరుతో పిలిచే దిగుమతి సుంకాలు వచ్చాయి. వాటికి ఎదురుగా జాన్ డికిన్‌సన్ రైతు పేరుతో రాసిన 12 లేఖలు దాదాపు అన్ని పత్రికల్లోనూ వచ్చాయి. తర్వాత దిగుమతుల బహిష్కరణ మొదలైంది. న్యూయార్క్ రేవుకు బ్రిటన్ నుంచి వచ్చే సరుకు 1769లో అంతకు ముందేడాదితో పోలిస్తే ఆరో వంతుకు పడిపోయింది. చూడ్డానికి గొప్ప విజయమే. 1770 చివరికల్లా మొత్తం కుప్పకూలింది. కారణాలు నాలుగు కనిపిస్తాయి, నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నవే.

ఒప్పందం ఒకటి కాదు. బోస్టన్ 1768 ఆగస్టులో రాసుకుంది, అమలు 1769 జనవరి 1 నుంచి. న్యూయార్క్‌ది వేరే తేదీ. ఫిలడెల్ఫియా 1769 మార్చిదాకా కదల్లేదు. వర్జీనియా మే నెలలో, గవర్నరు సభను రద్దు చేశాక, విలియమ్స్‌బర్గ్‌లోని రాలీ సత్రంలో సంతకాలు చేసింది. చార్లెస్టన్ జూలైలో. నిషిద్ధ వస్తువుల పట్టీ కూడా ఊరికో రకం. పక్క రేవులో ఏది తప్పో ఏది ఒప్పో ఈ రేవులో తెలియదు.

అమలు వర్తకుల చేతిలోనే ఉంది. మొదటి ఏడాది వాళ్లకూ లాభమే: గోదాముల్లో పేరుకున్న పాత సరుకు మంచి ధరకు అమ్ముడుపోయింది. సరుకు అయిపోగానే ఉత్సాహమూ అయిపోయింది. బట్ట వడికే ఆడవాళ్లు, చేతిపనివాళ్లు మాత్రం కొనసాగించాలన్నారు, వాళ్ల మాటకు ఒప్పందంలో చోటు లేదు. 1768లో హార్వర్డ్ పట్టభద్రులు ఇంట్లో వడికిన నూలు బట్టలతో పట్టాలు పుచ్చుకోవడం లాంటివి ఆ ఊళ్లో ఉత్సాహం నింపాయి, రేవులో ఓడను ఆపలేకపోయాయి.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరమైంది. బోస్టన్‌లో జాన్ మీన్ అనే అచ్చుపనివాడు, రాజు పక్షం, 1769లో సుంకం ఆఫీసు పద్దులు సంపాదించి తన పత్రికలో అచ్చేయడం మొదలుపెట్టాడు. సంతకం పెట్టిన పెద్దమనుషుల ఓడల్లో ఏయే సరుకు దిగిందో పేర్లతో సహా. బోస్టన్ పెద్ద వర్తకుడు జాన్ హాంకాక్ పేరూ అందులో ఉంది. వాటిని కలిపి పుస్తకంగా వేసి మిగతా రేవులకూ పంపాడు. ఏడాది తిరక్కుండానే గుంపు తరిమితే ఊరు వదిలి పారిపోవాల్సి వచ్చింది, కానీ న్యూయార్క్, ఫిలడెల్ఫియా వర్తకుల మనసులో విత్తనం పడింది: మనం కడుపు మాడ్చుకుంటుంటే బోస్టన్ వాళ్లు అమ్ముకుంటున్నారు. మీన్ లెక్కల్లో కొన్నిటికి సంజాయిషీలు ఉన్నాయి. వాటిని నమ్మించడానికి రేవులన్నిటికీ కలిపి తనిఖీ చేసే వ్యవస్థ ఏదీ లేదు.

చివరగా, 1770 ఏప్రిల్‌లో పార్లమెంటు టీ మీద తప్ప మిగతా సుంకాలు తీసేసింది. న్యూయార్క్ పేటపేటా తిరిగి అభిప్రాయం సేకరించి జూలైలో తప్పుకుంది. తర్వాత ఫిలడెల్ఫియా, అక్టోబరులో బోస్టన్. ఆ వేసవి పత్రికల్లో ఒక కాలనీ ఇంకో కాలనీని తిట్టిన తిట్లు చదివితే, ఆరేళ్లలో వీళ్లు ఒక దేశమవుతారని ఎవరూ పందెం కాయరు.

మధ్యలో నిలబడిన తీగ

బహిష్కరణ పోయినా ఉత్తరాలు పోలేదు. 1772 నవంబరు 2న సామ్యూల్ ఆడమ్స్ ప్రతిపాదన మీద బోస్టన్ 21 మందితో ఒక ఉత్తర ప్రత్యుత్తరాల కమిటీ వేసింది. ఊరి ఫిర్యాదుల చిట్టా 600 ప్రతులు అచ్చేసి మసాచుసెట్స్ ఊళ్లకు పంపి, మీ అభిప్రాయం రాయండని అడిగింది. వందకు పైగా ఊళ్లు జవాబు రాశాయి. ఆ జవాబు రాయడానికి ప్రతి ఊరూ సభ పెట్టుకుని, కమిటీ వేసుకుని, ముసాయిదా చదివి, ఓటు వేయాలి. ఉత్తరంలో ఏం రాశారన్న దానికంటే ఈ కసరత్తే విలువైంది. 1773 మార్చి 12న వర్జీనియా సభ 11 మందితో కాలనీల మధ్య కమిటీ వేసింది. ఏడాదిలో చాలా కాలనీలు అదే దారి పట్టాయి.

అప్పుడొచ్చింది టీ. ఈస్టిండియా కంపెనీ లండన్ గోదాముల్లో కోటిన్నర పౌన్ల బరువుకు పైగా టీ మూలుగుతోంది. 1773 మే నెల చట్టంతో కంపెనీ నేరుగా అమెరికాకు పంపుకోవచ్చు. పౌనుకు మూడు పెన్నీల సుంకం మాత్రం ఉంటుంది. ధర తగ్గుతుంది. చౌకగా వచ్చే టీ మీద గొడవేమిటని అడిగేవాళ్లకు జవాబు: చౌక కాబట్టే జనం కొంటారు, కొంటే సుంకం కట్టినట్టే, కడితే ఆ అధికారం ఒప్పుకున్నట్టే.

ఆ కంపెనీ తెలుగువాళ్లకు కొత్తది కాదు. 1765లో మొగలు ఫర్మానాతో, 1766లో నిజాంతో ఒప్పందంతో ఉత్తర సర్కారులు దాని చేతికి వచ్చాయి. అమెరికాకు వెళ్లింది చైనా టీయే అయినా, కంపెనీ పేరు మోసుకెళ్లింది బెంగాల్ కరువు వార్తలు. 1773 నవంబరులో డికిన్‌సన్ మారుపేరుతో రాసిన లేఖలో, ఆసియాలో ఈ కంపెనీ ఏం చేసిందో చూడండి, ఇప్పుడు మన మీద పడుతోందని హెచ్చరించాడు. తాము ఇంకో బెంగాల్ అవుతామన్న భయం అమెరికన్ గుర్తింపులో ఒక దారప్పోగు. ఆ సంగతి మన పుస్తకాల్లో అరుదుగా కనిపిస్తుంది.

నాలుగు రేవులు నాలుగు విధాలుగా స్పందించాయి. న్యూయార్క్, ఫిలడెల్ఫియా ఓడల్ని తిప్పి పంపాయి. చార్లెస్టన్ టీని దింపి నేలమాళిగలో పడేసింది. బోస్టన్‌లో గవర్నరు ఓడల్ని వెనక్కి పోనివ్వలేదు. సుంకం గడువు డిసెంబరు 17న ముగుస్తుంది. 16వ తేదీ రాత్రి మూడు ఓడల్లోని 342 పెట్టెలు, 92,000 పౌన్ల బరువు, 9,659 పౌన్ల విలువ గల టీ, సముద్రం పాలైంది. ఆ పనికి ఇంకో ఫలితం కూడా ఉంది. 1770 తర్వాత మిగతావాళ్లు మానేస్తే బోస్టన్ సుంకం కట్టిన టీ దించుకుంటూనే ఉంది. ఆ మచ్చ ఆ రాత్రితో పోయింది. పక్క రేవుల్లో బోస్టన్ పరపతి తిరిగి లేచింది.

శిక్షగా 1774 జూన్ 1 నుంచి బోస్టన్ రేవు మూతపడింది. సౌత్ కరొలైనా బియ్యం పంపింది, కనెక్టికట్ నుంచి గొర్రెల మందల్ని తోలుకొచ్చారు. బోస్టన్ కమిటీ వచ్చిన ప్రతి దానం పద్దు రాసి, పంపిన ఊరికి పేరుపేరునా కృతజ్ఞతలు రాసింది. ఊరికే పంచకుండా వీధులు వేయించి, ఇటుకలు కోయించి కూలిగా ఇచ్చింది. 1769లో పోయిన నమ్మకం ఇలాంటి రసీదులతోనే తిరిగొచ్చింది.

1774 కట్టుబాటు: తప్పు దిద్దుకున్న తీరు

సెప్టెంబరు 5న ఫిలడెల్ఫియాలో 12 కాలనీల ప్రతినిధులు కాంగ్రెసు పేరుతో ఒక ఉమ్మడి సభగా కూర్చున్నారు, జార్జియా రాలేదు. ఇక్కడే పాట్రిక్ హెన్రీ, నేను వర్జీనియా వాణ్ని కాను, అమెరికన్ని అన్నాడు. ఈ వాక్యాన్ని సందర్భం లేకుండా చదివితే కేసు తప్పుదారి పడుతుంది. చర్చ ఓట్ల గురించి: కాలనీకి ఒక ఓటా, జనాభాను బట్టి ఓట్లా? జనాభాను బట్టి ఇవ్వాలని హెన్రీ వాదన. అన్నిట్లోకీ ఎక్కువ జనాభా వర్జీనియాదే. అంటే అమెరికన్నన్న మాట వర్జీనియాకే బలం పెంచే వాదనలో వచ్చింది. సభ ఒప్పుకోలేదు, కాలనీకి ఒక్క ఓటే మిగిలింది. హెన్రీకి చిత్తశుద్ధి లేదని దీనర్థం కాదు. కొత్త గుర్తింపు పాత స్వప్రయోజనం భుజమ్మీద చెయ్యేసుకునే నడిచింది.

అసలు పని అక్టోబరు 20న సంతకాలైన కాంటినెంటల్ అసోసియేషన్ అనే బహిష్కరణ ఒప్పందం. నా దృష్టిలో స్వాతంత్ర్య ప్రకటన కంటే ముందు చదవాల్సిన పత్రం ఇది. 1770లో చెడిన ప్రతి కీలుకూ ఇందులో మరమ్మతు కనిపిస్తుంది.

అందరికీ ఒకే పాఠం, ఒకే తేదీ: బ్రిటిష్ దిగుమతులు 1774 డిసెంబరు 1 నుంచి బంద్. ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చే వ్యాపారం కూడా అదే తేదీ నుంచి బంద్. వర్తకుడు తేవడమే కాదు, ఇంటివాళ్లు కొనడం, వాడటం కూడా తప్పే. దీంతో బాధ్యత రేవు నుంచి వంటింటికి వచ్చింది. ఎగుమతుల నిషేధాన్ని 1775 సెప్టెంబరు 10కి వాయిదా వేశారు, చేతిలో ఉన్న పొగాకు అమ్ముకోవడానికి వర్జీనియాకు వ్యవధి కావాలి. సౌత్ కరొలైనా ప్రతినిధులు, గాడ్స్‌డెన్ తప్ప, బియ్యానికి, నీలిమందుకు మినహాయింపు కావాలని సభలోంచి లేచిపోయారు. బియ్యానికి ఇచ్చి తిరిగి తెచ్చుకున్నారు. ఈ బేరాన్ని కొందరు అవమానంగా చూస్తారు. ఆ బేరం లేకుంటే 12 కాలనీలు 11 అయ్యేవి.

మధ్యలో వచ్చే ఓడల సంగతీ రాశారు. డిసెంబరు 1 తర్వాత, ఫిబ్రవరి 1 లోపు దిగిన సరుకుకు యజమాని మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి: తిప్పి పంపాలి, లేదా సొంత నష్టభయం మీద కమిటీ గోదాములో పెట్టాలి, లేదా కమిటీ వేలం వేస్తే అసలు సొమ్ము తీసుకుని లాభాన్ని బోస్టన్ పేదలకు వదిలేయాలి. ఫిబ్రవరి 1 తర్వాత వచ్చింది కట్టు విప్పకుండా వెనక్కి. కొరత చూసి ధర పెంచకూడదు. గత 12 నెలల ధరకే అమ్మాలి. 1769 నాటి పాత సరుకు లాభాలకు ఇది విరుగుడు.

ఇవన్నీ కాగితమే, పదకొండో అంశం లేకపోతే. ప్రతి జిల్లాలో, ఊళ్లో శాసనసభకు ఓటు హక్కు ఉన్నవాళ్లు ఒక కమిటీని ఎన్నుకోవాలి. కట్టు తప్పినవాడి పేరు పత్రికలో అచ్చేయించాలి, అమెరికా స్వేచ్ఛకు శత్రువని చాటాలి, ఆపైన అతనితో ఇచ్చిపుచ్చుకోవడాలు మానేయాలి. మన పల్లెల్లో వెలివేయడం అంటే ఏమిటో తెలిసినవాళ్లకు దీని బలం విడమరిచి చెప్పక్కర్లేదు. పద్నాలుగో అంశం ఇదే శిక్షను కాలనీలకూ వర్తింపజేసింది. 1775 ఆరంభంలో సౌత్ కరొలైనా, పక్కనే ఉన్న జార్జియాతో వ్యాపారం తెంచుకుంది. జార్జియాలోని సెయింట్ జాన్స్ పారిష్ అనే ప్రాంతం ఒక్కటే విడిగా లైమన్ హాల్ అనే మనిషిని ప్రతినిధిగా ఫిలడెల్ఫియాకు పంపింది. ఆ జూలైలో జార్జియా మొత్తం కలిసింది.

కమిటీల్లో పనిచేసినవాళ్లు తక్కువలో తక్కువ 7,000 మంది అని చరిత్రకారుల అంచనా. వీళ్లలో చాలామంది అంతకు ముందు ఏ పదవీ చూడని రైతులు, చేతిపనివాళ్లు. సుంకం పద్దులు తనిఖీ చేశారు, సాక్షుల్ని విచారించారు, క్షమాపణ పత్రాల్ని అచ్చుకు పంపారు. తప్పు ఒప్పుకున్నవాణ్ని మళ్లీ కలుపుకోవడం పద్ధతిలో భాగమే. చావు ఇళ్లలో చేతితొడుగులు, కండువాలు పంచే ఖర్చు మానేసి, మగవాళ్లు చేతికో టోపీకో నల్ల గుడ్డ కట్టుకుంటే చాలన్నారు. గుర్రప్పందాలు, కోడిపందాలు, నాటకాలు వద్దన్నారు. గొర్రెల్ని ఉన్ని కోసం ఉంచి, మాంసానికి కోయడం తగ్గించమన్నారు. వర్జీనియాలో చావింటి దగ్గర నల్ల గుడ్డ కట్టుకున్న మనిషికి, అదే రోజు మసాచుసెట్స్‌లో ఇంకెవరో కట్టుకున్నారని తెలుసు. 1775లో బ్రిటన్ నుంచి దిగుమతులు పదింట తొమ్మిది వంతులకు పైగా పడిపోయాయి.

ఇందులో క్రూరత్వం ఉంది. తారు పూసి ఈకలు అద్దడం, ఇళ్ల మీద గుంపులు పడటం జరిగాయి. న్యూయార్క్ దగ్గరి ఆంగ్లికన్ పాదిరీ సామ్యూల్ సీబరీ, ఈ కమిటీలు మీ టీ డబ్బాలు, ఆడవాళ్ల పెట్టీకోట్లు కూడా సోదా చేస్తాయని 1774లోనే హెచ్చరించాడు. తర్వాతి ఏడు అతన్నే పట్టుకెళ్లి నిర్బంధించారు. స్వేచ్ఛ పేరుతో సోదా ఏమిటన్న అతని ప్రశ్నకు కమిటీలు ఎప్పుడూ సరైన జవాబు చెప్పలేదు.

రాజు అనే చివరి ముడి

1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్ దగ్గర కాల్పులు జరిగాయి. 23న వార్త న్యూయార్క్‌లో, 24న ఫిలడెల్ఫియాలో. కమిటీల తీగ ఎంత గట్టిదో ఆ తేదీలే చెబుతాయి. జూన్ 14న ఉమ్మడి సైన్యం, మర్నాడు దానికి సేనాపతిగా వర్జీనియా మనిషి వాషింగ్టన్. న్యూ ఇంగ్లండ్ సైనికుల్ని నడపబోయేవాడు దక్షిణం వాడైతేనే యుద్ధం అందరిదీ అవుతుందన్నది లెక్క. జూలై 20న అన్ని కాలనీల్లోనూ ఒకే రోజు ఉపవాసం, ప్రార్థన పాటించారు. ఆగస్టులో వాషింగ్టన్ ఇంటికి రాసుకున్న ఉత్తరంలో న్యూ ఇంగ్లండ్ జనం మహా మురికివాళ్లని రాశాడు. ఉమ్మడి సైన్యం ఏర్పడిన రెండు నెలలకు కూడా దాని సేనాపతికి తన సైనికులు పరాయివాళ్లే.

ఆ నెలల గుర్తులన్నీ సగంసగమే. 1776 జనవరి 1న బోస్టన్ బయట ఎగిరిన జెండాలో 13 చారలు ఉన్నాయి, మూలన బ్రిటిష్ జెండా ఉంది. ఫిబ్రవరిలో అచ్చయిన చిల్లర నోట్ల మీద 13 వలయాలు గొలుసుగా అల్లి, మేమంతా ఒకటే అని రాశారు. పార్లమెంటుతో తెంచుకున్నారు గానీ రాజుతో తెంచుకోలేదు. రాజు మాత్రం 1775 ఆగస్టు 23నే వీళ్లను తిరుగుబాటుదారులుగా ప్రకటించాడు. 1776 జనవరి 10న థామస్ పెయిన్ పుస్తకం కామన్ సెన్స్ వచ్చింది. అతను అమెరికాలో దిగి అప్పటికి పదమూడు నెలలు దాటిందంతే. ఏ కాలనీ అభిమానమూ లేని మనిషి కనుకే కాలనీల గురించి కాకుండా ఖండం గురించి రాయగలిగాడేమో. రాచరికాన్నే ప్రశ్నించాడు. అమెరికాకు తల్లి ఇంగ్లండు కాదు, యూరప్ అన్నాడు; జర్మన్లు, స్కాట్లు, డచ్చివాళ్లు నిండిన పెన్సిల్వేనియాలో ఆ మాట సూటిగా తగిలింది.

ఏప్రిల్ నుంచి జూలై వరకు ఊళ్లు, జిల్లాలు, కాలనీలు కలిసి 90 దాకా స్థానిక స్వాతంత్ర్య తీర్మానాలు చేశాయి. జూలై 2న ఫిలడెల్ఫియాలో 12 ఓట్లు పడ్డాయి, న్యూయార్క్ తటస్థంగా ఉండి 9న ఒప్పుకుంది. అదే రోజు విగ్రహం కూలింది. ప్రకటనలోని ఆరోపణలన్నీ రాజు మీద గురిపెట్టినవే. తెగాల్సిన ముడి అదొక్కటే మిగిలింది.

ఎవరు బయట ఉన్నారు

1775లో ఉన్న 25 లక్షల జనంలో ఐదో వంతు బానిసలు. ఆ నవంబరులో వర్జీనియా గవర్నరు డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసలు రాజు సైన్యంలో చేరితే విడుదలేనన్నాడు. బానిస యజమానులు భయపడి అటూ ఇటూ ఊగుతున్నవాళ్లు కూడా కాంగ్రెసు వైపు చేరారు. బానిస వ్యాపారాన్ని రాజు మీద నేరంగా మోపుతూ, స్వాతంత్ర్య ప్రకటన ముసాయిదా రాసిన జెఫర్‌సన్ పెట్టిన పేరాను కొట్టేశారు, మూలవాసుల్ని కనికరం లేని అనాగరికులన్న మాటను ఉంచేశారు. ఎవర్ని కలుపుకోవాలో ఎవర్ని చూసి భయపడాలో ఒకే కాగితం మీద తేల్చారు. యుద్ధం ముగిశాక రాజు పక్షంవాళ్లు 60,000 మంది దాకా దేశం వదిలారు.

13 అన్న సంఖ్య కూడా ముందే రాసిపెట్టి ఉన్నది కాదు. క్విబెక్‌ను రమ్మని 1774 అక్టోబరులోనే ఉత్తరం రాశారు, అది రాలేదు. అక్కడి ఫ్రెంచి క్యాథలిక్కులకు ఆ ఏటి చట్టం మత స్వేచ్ఛ ఇచ్చింది. జమైకా, బార్బడోస్‌లలో తెల్లవాళ్లు కొద్దిమంది, బానిసలు ఎన్నో రెట్లు. వాళ్లకు బ్రిటిష్ సైన్యం కావాలి. అవే చట్టాలు, అదే రాజు ఉన్నా, ఊరూరా ఎన్నికైన కమిటీ వేళ్లూనని చోట కొత్త గుర్తింపు పుట్టలేదు.

1776 సెప్టెంబరు 9న యునైటెడ్ కాలనీస్ అన్న చోటల్లా యునైటెడ్ స్టేట్స్ అని రాయాలని కాంగ్రెసు తీర్మానించింది. ఆ పేరుకు 1781 మార్చి 1 దాకా ఉమ్మడి రాజ్యాంగం లేదు, వచ్చిన దాంట్లోనూ పన్ను వేసే అధికారం లేదు. సైన్యానికి జీతాలు బాకీపడి, నోట్లు చిత్తుకాగితాలైపోయాక, దిగుమతుల మీద నూటికి ఐదు సుంకం వేసుకోనివ్వమని కాంగ్రెసు రాష్ట్రాల్ని అడిగింది. అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. 1782 నవంబరులో రోడ్ ఐలండ్ శాసనసభ కుదరదంది. మాకు జవాబుదారీ కాని అధికారులు మా రేవులో సుంకం వసూలు చేయకూడదన్నది అది చెప్పిన కారణాల్లో ఒకటి. ప్రతిపాదన అక్కడితో ఆగిపోయింది.